యేసు నామమున అడగడం అంటే

గుంటూరులో ఏ ఇంటి కూటానికి వెళ్లినా ప్రార్థన ఇంచుమించు ఒకే మాటతో ముగుస్తుంది: "ఈ కొద్ది విన్నపములు నీ ప్రియకుమారుడైన యేసుక్రీస్తు అతి పరిశుద్ధమైన నామమున అడిగి పొందియున్నాము మా పరమ తండ్రీ, ఆమెన్." బెజవాడలోనూ అంతే. లూథరన్ ఇళ్లలో ఒక పదం అటు, బాప్టిస్టు ఇళ్లలో ఒక పదం ఇటు జరుగుతుంది, పెంతెకొస్తు కూటాల్లో "నజరేయుడైన యేసు నామంలో" అని గట్టిగా వినిపిస్తుంది. మాట మాత్రం అదే. సండేస్కూలు పిల్లలకు ముందుగా నోటికొచ్చే ప్రార్థన వాక్యం కూడా ఇదే. అంతగా నోటికొచ్చేసింది కాబట్టే మనసు దాని మీద నిలవడం లేదు. "నామమున" అనే మాట వినపడగానే చాప మీద కూర్చున్నవాళ్లు లేవడానికి సిద్ధమవుతారు.

ఆ మాటను చివర వేసే ముద్రగా వాడుతున్నంతకాలం మన ప్రార్థన మారదని నా అభిప్రాయం. అసలు అది మొదట్లో ఉండవలసిన మాట. ఏం అడగాలి, ఏం అడగకూడదు అని తేల్చేది అదే. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

ముందు తెలుగు మాట సంగతి. "నామము" అనగానే మన చెవికి నామజపం, నామస్మరణ గుర్తుకొస్తాయి. పేరును పదేపదే పలకడంలోనే ఫలం ఉందనే భావం ఈ నేల మీద ఎప్పటినుంచో ఉంది. అందువల్ల "యేసు నామమున" అన్నప్పుడు కూడా పలికిన శబ్దంలోనే శక్తి ఉందని తెలియకుండానే అనుకుంటాం. బైబిల్లో ఆ మాట బరువు వేరే చోట ఉంది. వాడుక తెలుగులో "నామమున"కు దగ్గరి మాట "పేరిట". ఇల్లు ఎవరి పేరిట ఉంది, పొలం ఎవరి పేరిట రాశారు అంటాం కదా, ఆ "పేరిట". అక్కడ ఎవరూ పేరును జపించరు. ఆ మాట చెప్పేది హక్కు ఎవరిది, బాధ్యత ఎవరిది అని.

గ్రీకు మూలంలో ఈ మాటకు ముందు వేర్వేరు విభక్తి పదాలు వస్తాయి. యోహాను సువార్త 14, 15, 16 అధ్యాయాల్లో ప్రభువు "నా నామమున అడుగుడి" అన్న చోట్ల "ఎన్" ఉంటుంది, అంటే "లో". అపొస్తలుల కార్యములు 2:38లో "ఎపి", అంటే "మీద, ఆధారంగా". మత్తయి 28:19లో బాప్తిస్మం గురించి చెప్పినప్పుడు "ఐస్", అంటే "లోనికి". మన తెలుగు బైబిలు అనువాదకులు ఈ చివరిదాన్ని జాగ్రత్తగా పట్టుకున్నారు. అక్కడ "నామమున" అని సరిపెట్టకుండా "నామములోనికి" అని వేశారు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. బాప్తిస్మంలో మనిషి ఆ నామంలోనికి వెళ్తాడు, ప్రార్థనలో ఆ నామంలో నిలబడి అడుగుతాడు. లోపలికి వెళ్లింది ముందు, అడగడం తరువాత. ఇంటిపేరు మారిన కోడలు ఆ ఇంటి మనిషిగా మాట్లాడినట్టు. (బాప్తిస్మం ఏ మాటలతో ఇవ్వాలనే తగాదా మన జిల్లాల్లో చాలా సంఘాలను చీల్చింది. దానిలోకి ఇప్పుడు వెళ్లను.)

పాత నిబంధనలో పేరు అనే మాటకు హీబ్రూలో "షేమ్". సంఖ్యాకాండము 6వ అధ్యాయంలో యాజకుల ఆశీర్వాదం తరువాత, 27వ వచనంలో, ఆ ఆశీర్వాదం ద్వారా దేవుని నామం ఇశ్రాయేలీయుల మీద ఉంచబడుతుందని ఉంది. పేరు వాళ్ల మీద ఉంది, కాబట్టి వాళ్లు ఆయనవాళ్లు. 1979లో యెరూషలేము దగ్గర కెతెఫ్ హిన్నోము అనే చోట తవ్వకాల్లో చిన్న వెండి రేకుల చుట్టలు రెండు దొరికాయి. వాటి మీద ఆ ఆశీర్వాదపు మాటలే చెక్కి ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం ఆరేడు శతాబ్దాల నాటివి. ఆశీర్వాదాన్ని మెడలో తాయెత్తులా కట్టుకోవాలనే కోరిక అంత పాతదన్నమాట.

పేరు చెప్పి అడగడం ఎలా పనిచేస్తుందో చూడాలంటే బైబిల్లో రెండు సంఘటనలు చాలు. మొదటిది 1 సమూయేలు 25లో. దావీదు పదిమంది పడుచువారిని నాబాలు అనే ధనవంతుడి దగ్గరకు సాయం అడగడానికి పంపుతాడు. వాళ్లు తమ సొంత మాటలేమీ కలపకుండా దావీదు చెప్పమన్న మాటలే ఆయన పేరట చెప్పి, ఊరుకుంటారు. ఆ ఊరుకోవడం ముఖ్యం. నాబాలు వాళ్లను తిట్టి పంపాడు, ఆ అవమానం దావీదుకే తగిలింది. పంపినవాడి మాట, పంపినవాడి గౌరవం, పంపినవాడి పని: నామమున అడగడం అంటే ఇదంతా.

రెండోది 1 రాజులు 21లో. రాణి యెజెబెలు తన భర్త అహాబు రాజు పేరట ఉత్తరాలు రాసి, ఆయన ముద్రతోనే ముద్రించి పంపింది. పేరు సరైనదే, ముద్ర అసలైనదే. అడిగింది మాత్రం నాబోతు ద్రాక్షతోట, దానికోసం నాబోతు ప్రాణం. పేరు సరిగ్గా పలికితే సరిపోతుందనుకునేవాళ్లు ఈ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవాలి. సంఘ స్థలాల కోసం కోర్టుకెక్కిన రెండు పక్షాలూ వాయిదాకు ముందు యేసు నామమున ప్రార్థన చేసుకుని బయలుదేరుతున్న రోజుల్లో మరీ చదవాలి.

రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కినవాళ్లకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) తెలుసు. అన్న అమెరికాలో ఉంటాడు, మంగళగిరి దగ్గర స్థలం ఉంటుంది, తమ్ముడికి అధికారపత్రం రాసిస్తాడు. తమ్ముడు పెట్టే సంతకం అన్న సంతకంతో సమానం. కానీ మూడు హద్దులున్నాయి. పత్రంలో ఏ పనికి అధికారం రాశారో ఆ పనికే చెల్లుతుంది. అన్నకు తెలియకుండా తన లాభానికి వాడుకుంటే అన్న ఆ లావాదేవీని తోసిపుచ్చవచ్చు. అన్న చనిపోతే మామూలుగా ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెప్పేది అదే. ప్రార్థనకు వస్తే మొదటి హద్దు 1 యోహాను 5:14, "ఆయన చిత్తానుసారముగా" అన్న మాట. రెండోది యాకోబు 4:3, మీ భోగాల కోసం దురుద్దేశంతో అడుగుతున్నారు గనుక దొరకడం లేదు అన్న మందలింపు. మూడోది మనకు వర్తించదు, పేరిచ్చినవాడు లేచి బతికే ఉన్నాడు. పునరుత్థానం లేకపోతే "యేసు నామమున" అనేది చెల్లని పత్రం. ఈస్టరు ఆదివారం ప్రసంగంలో ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

అయితే ఈ పోలికను ఒకచోట ఆపాలి, లేకపోతే మనం ఇంకో పొరపాటులో పడతాం. అదే సిఫార్సు. తిరుమల దర్శనానికి ఎమ్మెల్యే లేఖ, ఆసుపత్రిలో మంచానికి తెలిసినవాళ్ల ఫోను. మన జీవితాలు సిఫార్సుల మీద నడుస్తాయి. అందుకని తండ్రి కఠినుడు, కుమారుడు దయగలవాడు, కుమారుడి పేరు చెబితే తండ్రి మెత్తబడతాడు అని ఊహించుకుంటాం. ప్రభువు దీన్ని ముందే చూశాడేమో, యోహాను 16:26, 27లో నేరుగా కొట్టేశాడు. ఆ దినమున మీరు నా నామమున అడుగుతారు, అయితే మీ విషయమై నేను తండ్రిని వేడుకుంటానని చెప్పడం లేదు, "తండ్రి తానే మిమ్మును ప్రేమించుచున్నాడు" అన్నాడు. ఇష్టంలేని అధికారిని ఒప్పించే చీటీ కాదది. ఆ పేరును ఇచ్చింది ఆ తండ్రే. క్రీస్తు మన పక్షంగా విజ్ఞాపన చేస్తున్నాడని హెబ్రీ పత్రిక చెప్పేది కూడా నిజమే. కానీ అది తండ్రి ప్రేమలోనుంచి పుట్టిన విజ్ఞాపన, తండ్రి కోపాన్ని దాటుకుని దొంగచాటుగా వెళ్లేది కాదు.

జనవరి 1న తెల్లవారుజామున ఆరాధన ముగిశాక చాలా సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. యోహాను 14:14 ఆ కార్డుల మీద తరచూ కనిపిస్తుంది: నా నామమున ఏమి అడిగినను చేతును. దాని పైనున్న 13వ వచనం కార్డు మీద పట్టదు కాబోలు. "మీరు నా నామమున దేని నడుగుదురో తండ్రి కుమారునియందు మహిమపరచబడుటకై దానిని చేతును." ఆ "మహిమపరచబడుటకై" లేకుండా 14వ వచనాన్ని ఒంటరిగా గోడకు తగిలిస్తే అది ఖాళీ చెక్కులా కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో ఎవరో ఒకరు, ఎక్కువగా ఆ ఇంటి తల్లి, "నా విశ్వాసం చాలలేదేమో" అని ఏడుస్తుంది. విశ్వాసం చాలకపోవడం కాదమ్మా, వచనం సగమే ఇచ్చారు.

ఇక చేతిపని. నామమున అనేదాన్ని మొదట్లోకి తేవడానికి పాత సంఘం దగ్గర ఒక మంచి పనిముట్టు ఉంది. విజయవాడ కేంద్రంగా ఉన్న కృష్ణా గోదావరి అధ్యక్ష మండలంలోని సీఎస్ఐ సంఘాల్లో ఆరాధన క్రమం చదివేవాళ్లకు ఇది తెలుసు, గుణదలలో పూజకు వెళ్లేవాళ్లూ ఏ ఆదివారమైనా వింటారు. ఆ రోజుకు నియమించిన చిన్న ప్రార్థన, కలెక్టు అంటారు. అందులో అయిదు భాగాలు: దేవుణ్ణి పిలవడం, ఆయన ఎలాంటివాడో లేక ఏం చేశాడో చెప్పడం, ఒకే ఒక మనవి, ఆ మనవి ఎందుకో చెప్పే ఉద్దేశం, చివర "యేసుక్రీస్తు ద్వారా". చదవడానికి అర నిమిషం చాలు.

ఇందులో నాలుగో భాగం ఇంటి ప్రార్థనల్లో దాదాపు కనిపించదు. "ఇల్లు ఇవ్వు, ఉద్యోగం ఇవ్వు, వీసా ఇవ్వు" అని మనవి తరువాత మనవి వస్తుంది, "ఎందుకంటే" రాదు. ఆ నాలుగో భాగాన్ని రాయడానికి కూర్చుంటేనే ఏది ఆయన పేరిట అడగగలమో, ఏది అడగలేమో బయటపడుతుంది.

మిర్చి యార్డుకు సరుకు పంపబోయే రైతు ప్రార్థన తీసుకుందాం. మామూలుగా అయితే, "తండ్రీ, రేపు మా సరుక్కి అందరికంటే ఎక్కువ ధర రావాలి, యేసు నామమున, ఆమెన్." అదే యార్డులో కొనేవాడు కూడా విశ్వాసే, అతను ధర తగ్గాలని అదే నామమున అడుగుతున్నాడు. ఇద్దరి మనవుల కిందా ఒకే పేరు ఉంది. ఇప్పుడు అయిదు భాగాల్లో పెట్టి చూడండి: "ఆకాశపక్షులను పోషించు తండ్రీ, తామర పురుగు వచ్చిన ఏడు కూడా మమ్మును విడువని దేవా, ఈ ఇరవై టిక్కీల మిర్చికి సరియైన తూకమును న్యాయమైన ధరను దయచేయుము. మేము కోత కూలీల బాకీ తీర్చి, అప్పిచ్చినవాని యెదుట అబద్ధమాడకుండ నిలువగలుగునట్లు, మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము." ఈ మనవి కొనేవాడు కూడా ఆమెన్ అనగలిగిన మనవి. కూలీల బాకీ తీరాలన్నది యేసుకు ఇష్టమేనా అని సందేహపడనక్కర్లేదు, యాకోబు 5:4 కూలివారి మొర గురించే చెబుతుంది. అడిగింది డబ్బు సంగతే, తగ్గించి అడగలేదు కూడా. అయినా ఆయన పేరు దాని కింద నిలుస్తుంది.

ఇంట్లో చేయదగిన పద్ధతి ఒకటి. ఒక కాగితం తీసుకుని మనవిని రెండు మూడు వరుసల్లో రాయండి. కింద మీ పేరు రాయకుండా "యేసు" అని రాసి, పైనుంచి మళ్లీ చదవండి. "మా ఆడపడుచు కుటుంబం సిగ్గుపడేలా చెయ్యి" అన్న వాక్యం ఆ పేరు మీద నిలవదు, పెన్ను దానంతటదే ఆగుతుంది. కొట్టేసి తిరిగి రాస్తే తరచుగా అది ఆడపడుచు కోసం చేసే ప్రార్థన అవుతుంది. కొట్టేయాలో ఉంచాలో తెలియనివి ఉంటాయి, పరీక్షలో ర్యాంకు, పిల్ల పెళ్లి సంబంధం లాంటివి. వాటికి గెత్సెమనేలో ఆయనే దారి చూపించాడు. అడగవలసింది దాచకుండా అడిగి, "నా యిష్టప్రకారము కాదు" అన్నాడు. ఆ మాట అపనమ్మకం అని కొందరు బోధిస్తుంటారు. ఆ లెక్కన ఆయనకే విశ్వాసం లేదనాలి.

నడిపించేవాళ్లు తరచుగా చేసే తప్పు ఒకటుంది, పిలుపు మధ్యలో మారిపోవడం. "పరమ తండ్రీ" అని మొదలుపెడతారు, రెండు నిమిషాలకు "మా కొరకు సిలువలో రక్తం కార్చావు తండ్రీ" అంటారు, చివర "యేసు నామమున తండ్రీ" అని ముగిస్తారు. సిలువలో చనిపోయింది తండ్రి కాదు. తండ్రే సిలువ బాధ పడ్డాడన్న బోధ మీదే మూడో శతాబ్దపు తొలి ఏళ్లలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత ప్రాక్సెయా అనే బోధకుణ్ణి ఖండించాడు. మనవాళ్లది దుర్బోధ కాదు, అలవాటు, అంతే. కానీ వింటూ పెరిగే పిల్లలకు తండ్రి ఎవరో కుమారుడు ఎవరో కలిసిపోతారు, అప్పుడు "కుమారుని నామమున తండ్రిని" అన్న మాటకు అర్థమే మిగలదు. ప్రభువునే నేరుగా పిలిచి ప్రార్థించడం తప్పు కాదు, స్తెఫను "యేసు ప్రభువా, నా ఆత్మను చేర్చుకొనుము" అన్నాడు. ఎవరిని పిలిచారో వాళ్లతోనే ఆ వాక్యం ముగించండి, చాలు.

ఇంకొకటి, ప్రతి వాక్యానికీ "యేసు నామంలో" తగిలించడం. తరువాతి మాట దొరికేదాకా ఊపిరి తీసుకోవడానికి అది ఊతపదం అయిపోయింది. గుంటూరు లూథరన్ ఇళ్లలో చిన్న కాటెకిజం (లూథర్ రాసిన ప్రశ్నోత్తరాల పుస్తకం) కంఠస్థం చేసినవాళ్లకు "నామమును వ్యర్థముగా నుచ్చరింపకూడదు" రెండో ఆజ్ఞ, బాప్టిస్టు ఇంటి పిల్లవాడికి అదే మూడో ఆజ్ఞ, లెక్కపెట్టే వరుస వేరు. 1529లో లూథర్ ఆ ఆజ్ఞకు రాసిన వివరణ రెండు వైపులా కోస్తుంది. ఆ నామంతో శపించకూడదు, మంత్రతంత్రాలు చేయకూడదు, అబద్ధమాడకూడదు. కష్టం వచ్చినప్పుడు ఆ నామాన్నే పిలిచి ప్రార్థించాలి, స్తుతించాలి. వాడకపోవడం కూడా ఆజ్ఞను మీరడమే.

మంత్రంలా వాడితే ఏమవుతుందో అపొస్తలుల కార్యములు 19లో ఉంది. స్కెవయ కుమారులు ఏడుగురు "పౌలు ప్రకటించు యేసు తోడు" అని దయ్యం పట్టినవాడి మీద ఆ పేరు ఉచ్చరించారు. ఉచ్చారణలో లోపం లేదు. "యేసును గుర్తెరుగుదును, పౌలునుకూడ ఎరుగుదును, గాని మీరెవరు" అని ఆ దయ్యం అడిగిన ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు. హీబ్రూలో "యెషూవా" అంటేనే పనిచేస్తుందని ఈమధ్య వీడియోల్లో చెబుతున్నవాళ్లకు కూడా ఇదే జవాబు. కొత్త నిబంధన రాసినవాళ్లే ఆయన పేరును గ్రీకులో "యేసూస్" అని రాసుకున్నారు.

స్వస్థత విషయం మాత్రం మెత్తగా చెప్పలేను. యేసు నామంలో బాగుపడ్డానని ప్రకటించి షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, ఫిట్స్ మందులు ఆపేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. మందు మానడం విశ్వాసానికి గుర్తని బైబిల్లో ఎక్కడా లేదు. ఆ నామమునే దయ్యాలను వెళ్లగొట్టిన పౌలు, కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తిమోతికి రాశాడు, త్రోఫిము రోగియై ఉంటే మిలేతులో విడిచి వచ్చానని దాచకుండా చెప్పాడు. తన శరీరంలో ముల్లు అని తానే చెప్పుకున్న బాధ తొలగాలని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది. ప్రార్థన చేయించుకోండి, నూనె రాయించుకోండి, మాత్ర వేసుకోండి. మార్చాలంటే డాక్టరు మారుస్తారు.

మరి ఆ మాటలు పలకకపోతే ప్రార్థన చేరదా? ప్రభువు నేర్పిన ప్రార్థనలో "యేసు నామమున" లేదు. ఉన్నది "నీ నామము పరిశుద్ధపరచబడు గాక", అదీ మొట్టమొదటి మనవిగా. కార్యములు 1:24లోని ప్రార్థనలో ఆ ముగింపు లేదు. 4వ అధ్యాయంలో విశ్వాసులు చేసిన ప్రార్థనలో యేసు నామం వచ్చింది, ముద్రలా కాకుండా మనవి లోపలే కలిసిపోయి. యేసు తానే "నేను నా తండ్రి నామమున వచ్చియున్నాను" అన్నాడు, కానీ లాజరు సమాధి దగ్గర "తండ్రి నామమున" అని పలకలేదు. యోహాను 14:26లో తండ్రి పరిశుద్ధాత్మను "నా నామమున" పంపుతాడని ఉంది, తండ్రి ఏ సూత్రం చదివి పంపుతాడు? కాబట్టి ఆసుపత్రి వరండాలో "దేవా" అని మాత్రమే అనగలిగినవాళ్ల ప్రార్థన మధ్యలో ఎక్కడా ఆగిపోదు. అయినా నలుగురిలో ఆ మాటలు పలకాలనే నేను అంటాను. ఎవరి పేరిట నిలబడ్డామో వినేవాళ్లకు తెలియాలి, మనకూ గుర్తు రావాలి.

పలికేటప్పుడు నెమ్మదిగా పలకండి. "పొందియున్నాము" అనే మాట మార్కు 11:24 నుంచి వచ్చింది. ఆ మాట మీద మనసు నిలవకపోతే "అడుగుచున్నాము" అనండి, అది తక్కువేం కాదు. తరువాత ఒక్క ఊపిరి ఆగండి. ఆమెన్ నడిపించేవాళ్లది కాదు, 1 కొరింథీయులకు 14:16 ప్రకారం అది వింటున్నవాళ్లది. వాళ్లకు అర్థమైతేనే వాళ్లు ఆ మాట అనగలరు. మూలన కూర్చున్న పెద్దావిడ కూడా అనేదాకా ఆగి, అప్పుడు కళ్లు తెరవండి.